నాన్న నీళ్ళ మీద ఉన్నప్పుడు

నాయుడుపేట స్టాండులో బస్సు కదిలీ కదలకముందే భాను నిద్రపోయింది. దాని నిద్ర ఎప్పుడూ అంతే, చేస్తున్న పని మధ్యలో పోతుంది. కొబ్బరి బిస్కెట్టు సగం కొరికి, మిగతా సగం నా చొక్కా జేబులో దాచబోయి, చెయ్యి జేబులో ఉండగానే తల నా రొమ్ముకి ఆనించేసింది. అయిదేళ్ళు నిండిన పిల్ల ఇంత బరువుంటుందని ఒళ్ళో నిద్రపోతే గాని తెలియదు. ఎడమ తొడ మీద నడుము, కుడి తొడ మీద కాళ్ళు, ఒక చెప్పు ఊడి కింద పడింది, వంగి తీసే వీలు లేదు. పక్క సీట్లో తమలపాకుల గంప ఒళ్ళో పెట్టుకున్న పెద్దావిడ ఆ చెప్పును కాలితో నా వైపు జరిపి, "దించి కూర్చోబెట్టు నాయనా, కాళ్ళు తిమ్మిరెక్కుతాయి" అంది. పర్లేదమ్మా అన్నాను. సీటు కింద సంచి ఉంది. సంచిలో నాలుగు గౌన్లు, ఎనిమిది చెడ్డీలు, పలక, దువ్వెన, అన్నిటికీ అడుగున రొయ్యల గుంటల్లో పరిచే నల్ల షీటు ముక్క, నాలుగు మడతలు వేసి. నా భార్య మహాలక్ష్మి చీకటితో కంపెనీ బస్సెక్కే ముందే సర్ది పెట్టింది. "షీటు పైన పెట్టొద్దు, సంచి విప్పంగానే మా అక్క కంట పడతాది" అంది. వాళ్ళక్కకు తెలియని సంగతి కాదు. తెలిసినా సరే, ముందు గౌన్లు కనపడాలని మహాలక్ష్మి ఆశ.

వాళ్ళక్క ధనలక్ష్మి వదిన నెల్లూరులో ఉంటుంది. పిల్లలు లేరు. ఇంట్లో టైల్సు, మంచం మీద స్పాంజి పరుపు. పోయిన వారం ఫోనులో ఇంటిల్లిపాదికీ వినపడేటట్టు చెప్పింది, "నాలుగు నెల్లు నా దగ్గిర వదులు మరిదీ, పొడి బిడ్డని చేసి నీ చేతిలో పెడతా, పెట్టకపోతే నా పేరు మార్చి పిలువు" అని. పిల్లల డాక్టరుకు చూపిస్తుందట, జూన్‌లో ఒకటో తరగతి అక్కడే చేరుస్తుందట. నాలుగు నెలలని ఆమె అంది గాని, బళ్ళో చేరిన బిడ్డ మధ్యలో ఎక్కడ తిరిగొస్తుంది. ఆ సంగతి నాకూ తెలుసు, మహాలక్ష్మికీ తెలుసు, మా అమ్మ కామమ్మకీ తెలుసు. ఎవరమూ పైకి అనలేదు. భాను మాత్రం అడిగింది, పెద్దమ్మ వాళ్ళింట్లో దీపాలు కనపడతాయా అని. నెల్లూరంతా దీపాలే అని చెప్పాను. అది అడిగింది ఆ దీపాల గురించి కాదని తెలిసీ అట్లాగే చెప్పాను.

ఒడి పొడిగా ఉంది. నేను చూస్తూనే ఉన్నాను. చూడటమంటే కళ్ళతో కాదు, తొడలతో. వేడి వేరు, తడి వేరు. తడి మొదలయ్యే ముందు పిల్ల ఒళ్ళు ఒకసారి బిగిసి వదులుతుంది, ఊపిరి ఒక్క క్షణం ఆగుతుంది, అది నాకు తెలుసు, రెండున్నరేళ్ళప్పుడు దానికి అలవాటు నేర్పింది నేనే కాబట్టి. మహాలక్ష్మికి అప్పుడే తడ దగ్గర కంపెనీలో పని దొరికింది. ఒక వారం తెల్లవారుజామున పోవడం, ఒక వారం అర్ధరాత్రి రావడం, ఇంట్లో ఉన్నప్పుడు రాయిలా పడి నిద్ర. మా అమ్మ ముసలిది, పిలిస్తే గాని లేవదు. అందుకని తొలి నిద్ర పట్టాక నేనే భానును లేపి, వేలు పట్టించి, ఇంటి వెనక ఇసుకలోకి తీసుకుపోయేవాణ్ణి. కూర్చోబెట్టి పెదవుల మధ్య స్స్ అనేవాణ్ణి. సరస్సు అవతల రాకెట్ల దీవిలో దీపాలు కనపడేవి. అది వాటిని లెక్కపెడుతూ పోసేది. పదకొండు దాకా వచ్చు, పదకొండు దాటితే మళ్ళీ ఒకటి. ఒక్కోసారి పని అయిపోయినా లెక్క అవలేదని కూర్చునే ఉండేది. చలిలో నిలబడి నేను ఆ లెక్క వినేవాణ్ణి. మూడు నెలల్లో నేను లేపే పని లేకుండా పోయింది. మెలకువ వస్తే అదే ఒక్క మాట అనేది, నాన్నా అని. అంతే, నేను లేచేవాణ్ణి. నేను లేని రాత్రి నాయనమ్మా అనేది, మా అమ్మ లేచేది. రెండేళ్ళు దాటింది అట్లా. బొంత తడవడమంటే మా ఇంట్లో మరిచిపోయిన సంగతి.

పోయిన కార్తీకంలో మళ్ళీ మొదలైంది. మొదటి రోజు ఎవరూ పట్టించుకోలేదు, చలి అన్నారు. మూడో రోజు మా అమ్మ, పొయ్యి దగ్గర నిప్పుతో ఆడుంటాది, నిప్పుతో ఆడితే పక్క తడుపుతారు అంది. పొయ్యి దగ్గరికి రానివ్వలేదు. తర్వాత నువ్వులూ బెల్లం దంచి ఉండలు పెట్టింది. తర్వాత మొలతాడుకి తాయెత్తు. మహాలక్ష్మి కంపెనీలో ఎవరో చెప్పారని పెద్ద పిల్లల డైపర్లు తెచ్చింది. తొడలు ఒరుసుకుపోయి భాను కాళ్ళు ఎడంగా పెట్టి నడిచింది, వాటిని గూట్లో పెట్టేశాం. బొంతలు మాత్రం తడిసిన రోజల్లా ఆరేయక తప్పలేదు. మా ఊళ్ళో ఆరేసే చోటు ఒకటే, ఒడ్డున వలలు ఆరేసే కర్రలు. వలల పక్కన బొంత. దాచేందుకు లేదు. పక్కింటి సుబ్బు దారాలు ముడి వేసుకుంటూ ఒకనాడు, "పెంచలన్నా, ఈ పూట నీ వల కంటే నీ కూతురి బొంతే బాగా తడిసినట్టుండాదే, ఏం పడినాయి?" అన్నాడు. కర్రల దగ్గర ఉన్న నలుగురూ నవ్వారు. నేను వల విదిలించుకున్నాను. కోపం రాలేదు. సుబ్బు మాట అట్లాంటిది, చెయ్యి మంచిది, వాన వచ్చిన రోజు మా బొంత వాడే తీసి వాళ్ళ ఇంట్లో పడేశాడు. కాని భాను అక్కడే ఉంది, గవ్వలు ఏరుకుంటూ. అది నవ్వు విని, బొంత వైపు చూసి, గవ్వలన్నీ ఇసుకలో పారబోసి ఇంట్లోకి పోయింది. ఆ రోజు నుంచి పగలు ఒడ్డుకు రావడం మానేసింది.

కిటికీ బయట నేల ఎర్రగా ఉంది, తర్వాత నల్లగా, తర్వాత వరి. కోతలు మొదలు కాలేదు. ఒకచోట కొంగలు వరుసగా నిలబడి ఉన్నాయి, వాటిలో ఒకటి మాత్రం అటు తిరిగి. బస్సులో ఎవరో ఫోనులో పాటలు పెట్టి, కండక్టరు కసిరితే ఆపారు. భాను చెయ్యి నా జేబులోనే ఉంది, బిస్కెట్టు పొడి అయిపోయింది. ఆ పొడి కింద కాగితం ఉంది. దాన్ని నెల్లూరు డాక్టరుకు చూపించాలని తెచ్చాను. నాకు మాట్లాడటం రాదు, కాగితమైతే అదే చెబుతుంది.

కాగితమంటే గోడ క్యాలెండరులో చింపిన రెండు నెలలు. మేం తిథిని బట్టి బతికేవాళ్ళం. అమావాస్యకీ పున్నమికీ అటూ ఇటూ సరస్సు నీళ్ళకు ఊపు వస్తుంది, ఆ ఊపులో రొయ్య కదులుతుంది, వల కడతాం. అష్టమి నాటికి నీళ్ళు చచ్చినట్టు పడి ఉంటాయి, వలలు ఒడ్డునే ఉంటాయి. వల కట్టే తావులు ఊరందరివీ, వాటికి వంతులుంటాయి, పాడు అంటాం. పాడు పడిన రాత్రి ఆ తావు మనది, తెల్లారితే ఇంకొకరిది. నా పాడు పడిన తేదీ మీద పెన్సిలుతో ఒక గీత గీసుకోవడం మా నాయన కాలం నుంచీ ఉంది. భాను మళ్ళీ మొదలుపెట్టాక, బొంత తడిసిన తేదీ మీద ఒక చుక్క పెట్టడం మొదలుపెట్టాను. ఎందుకు పెట్టానో తెలియదు. చేసేది ఏమీ లేనప్పుడు మనిషి గుర్తు పెట్టుకుంటాడు. నెల తిరిగేసరికి చుక్కలు చూస్తే గుంపులుగా ఉన్నాయి. అమావాస్య చుట్టూ ఒక గుంపు, పున్నమి చుట్టూ ఒక గుంపు, అష్టమి దగ్గర ఖాళీ. రెండో నెల కూడా అంతే. నేను క్యాలెండరు ముందు చాలాసేపు నిలబడ్డాను. అప్పుడు అనిపించింది, పిల్ల ఒంట్లో నీళ్ళు కూడా సరస్సు నీళ్ళలాగే పొంగుతున్నాయని. మా అమ్మకు చెబితే ఆమె ఆశ్చర్యపోలేదు. "నీళ్ళ మీద బతికే ఇంట్లో పుట్టింది గదా, ఏరే ఎట్టుంటాదిరా" అంది. మహాలక్ష్మి మాత్రం నా మొహం చూసి, "ఏడో తరగతి దాకా చదివినావు, ఇదేం చదువయ్యా" అంది. కాని చుక్కలు చూసి తనూ ఊరుకుంది. కళ్ళ ముందు కనపడుతోంది కదా.

అట్లా ఆ తప్పు పని మొదలైంది. పోటు రోజుల్లో సాయంత్రం నాలుగు దాటితే భానుకి నీళ్ళు బంద్. మజ్జిగ బంద్, చారు బంద్. మా అమ్మ నీళ్ళ బిందె ఎత్తు మీద పెట్టింది. పిల్ల అడిగేది, తర్వాత అడగడం మానేసింది. ఒకరోజు దానికి తలకు పోస్తుంటే, ముందుకు వేలాడుతున్న జుట్టు కొసల నుంచి కారే నీళ్ళను నాలుక చాపి అందుకుంటోంది. మా అమ్మ వెనక నుంచి పోస్తోంది, చూడలేదు. నేను ఎదురుగా కూర్చుని వల సరిచేసుకుంటున్నాను, చూశాను. చూసి ఊరుకున్నాను. చేతిలో దారం ముడి పూర్తి చేశాను కూడా. ఆ రాత్రి కూడా బొంత తడిసింది. ఇంటింటికీ తిరిగే ఆశా అమ్మాయి జయశీలకి ఆ సంగతి తెలిసి వాకిట్లో నిలబడి అరిచింది, "బిడ్డ పెదాలు చూడండి ఎట్ట పగిలినాయో, నీళ్ళు మాన్పిస్తే ఉచ్చ మానదన్నా, రోగమొస్తాది." తర్వాత గొంతు తగ్గించి, "ఎప్పుడూ మానని బిడ్డయితే ఒక రకం. రెండేళ్ళు మాని మళ్ళీ మొదలైందంటే ఏదో జరిగింటాది. గుర్తు తెచ్చుకో అన్నా" అంది. ఏం జరుగుతుంది మా ఇంట్లో. బిందె కిందికి దించాం. అది తప్ప ఇంకేమీ గుర్తు తెచ్చుకోలేదు. తర్వాతే వదిన ఫోను.

గూడూరులో బస్సు పది నిమిషాలు ఆగింది. మగవాళ్ళందరూ దిగారు. నేనూ దిగాలి. ఇంటి దగ్గర తాగిన చెంబెడు నీళ్ళు, సూళ్ళూరుపేటలో తాగిన టీ, రెండూ కలిసి పొత్తికడుపులో బరువుగా ఉన్నాయి. కాని దిగాలంటే పిల్లను లేపాలి. లేపితే వెళ్తావా అని అడగొచ్చు, అది మంచిదే. కాని దాని మొహం చూస్తే బుద్ధి పుట్టలేదు, నోరు కొద్దిగా తెరిచి, కింది పెదవి మీద పాత పగులు మానిన గుర్తు. ఒడి ఇంకా పొడిగానే ఉంది. ముప్పావు గంటగా. పగలు నిద్రపోయినా తడుపుతుందని మహాలక్ష్మి భయం, అందుకే ఎనిమిది చెడ్డీలు. పెద్దావిడ కిందికి పోయి వచ్చి నా వైపు చూసి, "నువ్వు పోలేదే" అంది. తల ఊపాను. బస్సు కదిలింది. బిగబట్టుకు కూర్చున్నాను. బిగబట్టుకున్న మనిషికి ఒంట్లో ఇంకేదీ గుర్తుండదు, రోడ్డు మీద ప్రతి గుంట తెలుస్తుంది. ఈ పని ఈ పిల్ల చీకట్లో పడుకుని చేస్తుంటే ఎట్లా ఉంటుందో అనే ఆలోచన వచ్చింది. వచ్చి పోయింది. అది నిద్రలో పోస్తోంది కదా, బిగబట్టడం ఎక్కడుంది అనుకున్నాను.

ఆ బరువు మరిచిపోవడానికి కాగితం తీశాను. దాని చెయ్యి మెల్లగా ఎత్తి, రెండు వేళ్ళతో లాగి, బిస్కెట్టు పొడి దులిపి, ఒంటి చేత్తో కిటికీ వెలుతురులో పెట్టి చూశాను. చుక్కలన్నీ ఉన్నాయి. డాక్టరు ఇది చూసి ఏమంటాడు. ఇంతకుముందు ఇట్లాంటిది ఎవరూ తెచ్చి ఉండరు. అప్పుడు ఒక చుక్క మీద కన్ను ఆగింది. అష్టమి నాటిది. దాన్ని ముందూ చూశాను, ఆ రోజు పుచ్చకాయ తిన్నదని సర్దుకున్నాను. కాని ఆ అష్టమి మీద పెన్సిలు గీత కూడా ఉంది. సుబ్బుకి జ్వరమొచ్చి, నీళ్ళు కదలని రోజైనా వంతు పోకూడదని, వాళ్ళ తావులో వాడి బదులు నేను పోయిన రాత్రి అది. రొయ్య లేదు, ఉత్త చేతులతో వచ్చాను. ఇంకోచోట పున్నమి. పున్నమి మీద చుక్క లేదు. గీత కూడా లేదు. ఆ పున్నమికి ముందు రోజు జెల్ల చేప ముల్లు అరచేతిలో దిగి, చెయ్యి మోకాలంత వాచి, మూడు రాత్రులు ఇంట్లోనే పడుకున్నాను. మూడు రాత్రుల మీదా చుక్క లేదు. సరస్సు పొంగింది, పిల్ల పొంగలేదు. కాగితం ఇంకా దగ్గరగా పెట్టుకున్నాను. చుక్క ఉన్నచోటల్లా గీత ఉంది. గీత లేనిచోట చుక్క లేదు. రెండు నెలలు ఒకే కాగితం మీద రెండూ నా చేత్తోనే పెట్టి, చుక్కను తిథితో కలిపి చూశాను గాని గీతతో కలిపి చూడలేదు. గీత అంటే నేను. గోడ మీద మేకులాగా అది ఎప్పుడూ అక్కడ ఉండేదే, దాన్ని చూసేదేముంది. ఇంకొకటి కూడా తట్టింది. తెల్లవారి పడవలో ఒడ్డుకు వస్తుంటే దూరం నుంచి ముందు కనపడేది మా కర్రల మీద బొంత. నేను నీళ్ళ మీద నుంచి వచ్చిన ప్రతిసారీ అది అక్కడుంది. నీళ్ళ మీదికి పోని రోజు కర్రలు ఖాళీగా ఉన్న సంగతి, ఖాళీని ఎవరు చూస్తారు.

కాగితం మడిచాను. అయితే ఏమిటి. నేను లేకపోతే దిగులు, అంతేనా. దిగులైతే నెల్లూరులో రోజూ దిగులే, స్పాంజి పరుపు రోజూ తడుస్తుంది, వదిన మంచిదే గాని ఆమె ఓపిక టైల్సు తుడిచే ఓపిక. లేదంటే, అక్కడ సరస్సు ఉండదు, పాడు ఉండదు, నాన్న పోయాడనే రాత్రే ఉండదు, కాబట్టి మానేస్తుందేమో. ఏది నిజమో కాగితం చెప్పలేదు. అంతకుముందు కూడా నేను పోయేవాణ్ణి, అప్పుడు తడపలేదు. కార్తీకంలో ఏం జరిగింది. జయశీల గుర్తు తెచ్చుకోమంది.

కార్తీకంలో వాయుగుండం వచ్చింది. అది ప్రతి ఏడూ వచ్చేదే. ఆ సాయంత్రం గాలి ఇంకా లేవలేదు, పాడు వదులుకోవడం ఇష్టం లేక బయలుదేరాను. వల భుజాన వేసుకుని గుమ్మం దాటి పది అడుగులు వేశానో లేదో, వెనక నుంచి భాను పిలిచింది, "నాన్నా, యాడికి?" అని. మా ఇళ్ళల్లో నీళ్ళకు పోయే మనిషిని వెనక నుంచి పిలవరు, ఎక్కడికని అడగరు. ఎదురు వచ్చినవాడు కూడా తల తిప్పుకుని పోతాడు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఆ ఒక్కటి ఎవరూ నేర్పకుండానే వస్తుంది, దానికి ఇంకా రాలేదు. పిలిస్తే వెనక్కి వచ్చి, కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి పోవాలి. చీకటి పడుతోందని నేను కూర్చోలేదు. వెనక్కి చూడనూ లేదు. మా అమ్మ దాని నోటి మీద చెయ్యి వేసిన చప్పుడు మాత్రం వినపడింది. ఆ రాత్రి గాలి లేచింది. పడవ దిబ్బకు కొట్టుకుపోయి తిరగబడింది, వల పోయింది, దిబ్బ మీద తుమ్మ చెట్టు పట్టుకుని తెల్లార్లూ కూర్చున్నాను. మధ్యాహ్నం ఇంటికి వచ్చేసరికి ఊరంతా ఒడ్డునే ఉంది. అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. భాను రాలేదు. గుమ్మంలో నిలబడి చూసి లోపలికి పోయింది. అలిసిపోయి ఉన్నాను, అన్నం తిని పడుకున్నాను. అది అయిపోయిన సంగతి అనుకున్నాను. ఆ మర్నాటి నుంచి భాను నేను పోయేటప్పుడు గుమ్మంలోకి రావడం లేదు, గోడ వైపు తిరిగి పడుకుంటోంది. బుద్ధి వచ్చింది, నేర్చుకుంది అని మా అమ్మ అంటే, అవును అనుకున్నాను.

ఊపిరి మారింది. నా రొమ్ము మీద దాని ఊపిరి ఒక్క క్షణం ఆగి మళ్ళీ మొదలైంది. కళ్ళు తెరవలేదు గాని మేలుకుంది. ఒళ్ళు బిగిసింది. ఇప్పుడు తడుస్తుంది అనుకున్నాను, సంచి అందుకుందామా అని వంగబోయాను. తడవలేదు. మోకాళ్ళు రెండూ దగ్గరికి లాక్కుని, కళ్ళు తెరిచి, కిటికీ బయటికి చూసింది. బస్సు పెద్ద వాగు మీద వంతెన ఎక్కింది. కింద నీళ్ళు, సముద్రపు పోటు ఎగదన్నే వాగు, రెండు వైపులా మెరుస్తోంది. భాను నా మొహం వైపు చూసింది, మళ్ళీ నీళ్ళ వైపు చూసింది. కుడి చెయ్యి తీసి నోటి మీద పెట్టుకుంది. అరచెయ్యి మొత్తం, వేళ్ళు బుగ్గల మీద దిగబడేటట్టు. ఎడమ చెయ్యి గౌను మీంచి తొడల మధ్య. కాలి వేళ్ళు ముడుచుకుపోయాయి. నిద్రలో పోసే పిల్ల కాదు ఇది. నాలాగే బిగబట్టుకున్న మనిషి. వంతెన పొడుగైంది. నేను చూస్తూ ఉన్నాను. నీళ్ళు అయిపోయి, తుమ్మ చెట్లు వచ్చి, రొయ్యల గుంటలు వచ్చి, రోడ్డు కింద నేల వచ్చింది. అప్పుడు చెయ్యి నోటి మీద నుంచి కొద్దిగా జరిపి, వేళ్ళ సందులోంచి అడిగింది.

"నాన్నా, నీళ్ళు అయిపోయినాయా?"

"అయిపోయినాయి."

"నువ్వు ఇప్పుడు నీళ్ళ మీద లేవు గదా?"

"లేను."

"అయితే నాకొస్తా ఉంది."

నేను అడిగాను, "రాత్రిళ్ళు నీకు మెలకువ వస్తుందా?"

"వస్తాది."

"మరి నాయనమ్మని లేపొచ్చు గదా?"

"లేపాలంటే పిలవాల గదా నాన్నా." ఇంత చిన్న సంగతి తెలియదా అన్నట్టు చూసింది. "నువ్వు నీళ్ళ మీద ఉండంగా నేను పిలిస్తే పడవ తిరగబడతాది. నాయనమ్మ చెప్పింది. అప్పుడు తిరగబడింది గదా."

ఎన్ని రాత్రులు. గీతలు ఎన్ని ఉంటే అన్ని. అవతల గట్టు కనపడని చీకట్లో నేను కర్రకు వల కట్టుకుని రొయ్య కోసం చూస్తుంటే, ఇక్కడ గోడ వైపు తిరిగి, అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని, నా పడవ తిరగబడకుండా ఈ పిల్ల కాపలా కాస్తోంది. బిగబట్టినంతసేపు బిగబట్టి, ఇక చేతకాక వదిలేసి, తడిలో కూడా మాట్లాడకుండా తెల్లారేదాకా. దానికి మేం నీళ్ళు మాన్పించాం.

లేచి నిలబడ్డాను. భాను చంకలో ఉంది. "ఆపండి" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. బస్సంతా తిరిగి చూసింది.

కండక్టరు, "ఎక్స్‌ప్రెస్సు బస్సబ్బా ఇది, ఆటో కాదు, నెల్లూరులో పోవచ్చు లే" అన్నాడు.

"ఆగదు. ఆపండన్నా."

"బిడ్డకా, నీకా?"

"ఇద్దరికీ."

వెనక సీట్లలో నవ్వారు. "గూడూరులో దిగమంటే దిగలేదు ఈ నాయన" అని పెద్దావిడ సాక్ష్యం చెప్పింది. డ్రైవరు తిట్టుకుంటూ పక్కకు తీసి ఆపాడు. దిగాం. రోడ్డు వారన తంగేడు పొదల వెనక భాను కూర్చుంది. నేను అలవాటుగా స్స్ అన్నాను. పగటి పూట దీపాలు లేవు, అది లారీలు లెక్కపెట్టింది. పదకొండు రాకముందే పని అయిపోయింది. నేను ఇంకో పొద వెనక్కి పోయి నిలబడ్డాను. చాలాసేపు పట్టింది. కండక్టరు విజిలు వేశాడు, డ్రైవరు హారను కొట్టాడు. భాను పొద పక్క నుంచి, "నాన్నా, ఇంకా అవలేదా?" అని అడుగుతోంది, బస్సులో వాళ్ళందరికీ వినపడేటట్టు.

తిరిగి వచ్చి కిటికీ కింద నిలబడి, "అమ్మా, ఆ సంచి అందుకోండి" అన్నాను. పెద్దావిడ సంచీ, ఊడిపోయిన చెప్పూ కిటికీలోంచి అందించింది. "నెల్లూరు ఇంకా రాలేదు గదా నాయనా" అంది. "తెలుసమ్మా" అన్నాను. బస్సు పోయింది. దుమ్ము అణిగాక అవతల గూడూరు వైపు పోయే రోడ్డు కనపడింది. దాటి నిలబడితే ఏదో ఒకటి వస్తుంది. వదినకు ఫోను చేయాలి, ఏం చెప్పాలో తెలియదు, కూడబలుక్కోవాలి. మహాలక్ష్మి డ్యూటీలో ఉంటుంది, సాయంత్రం దాకా ఫోను లాకర్లో. మా అమ్మకు చెప్పడం అన్నిటికంటే కష్టం. ఈ రోజు అమావాస్య. రాత్రి పాడు నాది.

రోడ్డు పక్కన వాన నీళ్ళ కాలవ ఒకటి ఉంది, మడమల లోతు, అడుగున పాచి. సంచి నేల మీద పెట్టి, భానును దాని పక్కన నిలబెట్టాను.

"నేను ఆ నీళ్ళలోకి పోతా. నువ్వు వెనక నుంచి పిలువు."

అది తల అడ్డంగా ఊపింది.

"పిలిస్తే ఏం కాదు. పిలిస్తే నేను తిరుగుతా. చూడు."

"పడవ?"

"పడవ నాది గదా. నాకు తెలుసు."

చెప్పులు విప్పి నడిచాను. పది అడుగులు. కాలవలో దిగాను, నీళ్ళు చల్లగా ఉన్నాయి. వీపు దాని వైపు పెట్టి నిలబడ్డాను. ముప్ఫై ఏళ్ళలో నీళ్ళ వైపు పోయే నన్ను ఎవరూ పిలవలేదు, ఆ ఒక్కసారి తప్ప. మెడ వెనక చర్మం బిగుసుకుంది, నవ్వొచ్చే సంగతే గాని బిగుసుకుంది. ఒక లారీ పోయింది. ఇంకొకటి పోయింది. వెనక ఏ చప్పుడూ లేదు. అది చెయ్యి నోటి మీద పెట్టుకుని ఉంటుంది, చూడకుండానే తెలుస్తోంది. తిరిగి చూడాలనిపించింది, చూడలేదు. మూడో లారీ దూరం పోయి చప్పుడు పూర్తిగా సన్నబడ్డాక, వినీ వినపడకుండా, అడుగుతున్నట్టు, వచ్చింది.

"నాన్నా."

నీళ్ళలో నుంచే వెనక్కి తిరిగాను. "ఊఁ" అన్నాను.